సున్నం పడిన కన్ను – సిలోయం కోనేరు



పుట్టు గ్రుడ్డివాణ్ణి చూడగానే శిష్యులు పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని అడిగారు. ఎవరిదీ కాదన్నారు ప్రభువు. బురద చేసి అతని కన్నులకు పూసి, సిలోయం కోనేటిలో కడుగుకొమ్మని పంపారు (యోహాను 9).

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆ ప్రశ్న ఇంకా వినబడుతూనే ఉంది. సున్నం డబ్బాతో ఆడుకొంటున్న బిడ్డ కంట్లో సున్నం చిందుతుంది, కన్ను తెల్లబడుతుంది. తల్లి చూసుకోలేదని ఒకరు, ఏ పాపమో తగిలిందని మరొకరు అంటారు. ప్రభువు ఇవ్వని తీర్పు మనం ఇచ్చేస్తాం.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలు ఉంటాయి. నల్లగుడ్డు పైపొర అరిగినకొద్దీ కొత్త పొరను ఇచ్చేవి అవే. సున్నం గాని, యాసిడ్ గాని ఆ అంచును కాల్చివేస్తే, తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా పాకివచ్చి చూపును కప్పేస్తుంది. అటువంటి కంటికి దానంగా వచ్చిన నల్లగుడ్డు ఒక్కటే అమర్చితే సాధారణంగా నిలువదు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 2001 నుండి ఇందుకు చికిత్స చేస్తున్నది. బాగున్న కంటి అంచు నుండి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పొరగా పెంచి, కాలిన కంటికి అమర్చేవారు. 2012లో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం సులువైన పద్ధతిని ప్రచురించింది. ఆ ముక్కను తునకలు చేసి, ఉమ్మనీటి సంచి పొర పరచిన కంటిమీదనే నేరుగా అంటిస్తారు. ఆ పొర కాన్పు తరువాత తల్లులు దానం చేసిన మాయ నుండి వస్తుంది. ఈ పద్ధతిలో ఒక కన్ను దెబ్బతిన్న 125 మందికి చేసిన చికిత్స ఫలితాలు 2016లో వెలువడ్డాయి. వారిలో 76 శాతం మందికి కొత్త పొర నిలిచింది.

“మూలకణాలు తిరుసభకు సమ్మతం కాదు కదా ఫాదర్?” అని కొందరి సందేహం. తిరుసభ వద్దనేది మానవ పిండాన్ని చంపి తీసే కణాలను. దాతకు తీవ్రమైన హాని కలగకుండా, పుట్టిన మనిషి దేహం నుండి తీసే కణాలు ధర్మసమ్మతమేనని 2008 నాటి ‘డిగ్నితాస్ పెర్సొనే’ ఉపదేశం స్పష్టం చేసింది. బాగున్న కంటిని ముట్టడమా అని భయపడే తల్లిదండ్రులు పునీత తోమాసు అక్వీనాసు బోధను తలచుకోవాలి: అవయవం ఉన్నది శరీరమంతటి మేలు కోసమే. వైద్యులు తీసేది మిల్లీమీటర్లలో కొలిచే ముక్క.

అయితే కన్ను అంతదాకా రాకుండా కాపాడవలసింది మొదట మనమే. సున్నం పడగానే పసరు, చనుబాలు, ఆముదం వేయకండి. రెప్పలు విప్పి పట్టుకొని, శుభ్రమైన నీటిధారతో కనీసం అరగంట కడగండి. వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. రెప్పల క్రింద మిగిలిన సున్నపు రేణువులను ఆయన తీయాలి. ఎల్.వి. ప్రసాద్ వారి ఆసుపత్రి మనకు దగ్గరలో విశాఖపట్నంలోనూ ఉంది.

మీ వీధిలో కన్ను తెల్లబడిన బిడ్డ ఉంటే ఈ వారమే ఆ యింటికి వెళ్లండి. తప్పు ఎవరిదని అడగకండి. బస్సు చార్జీకి నలుగురూ చేయి వేయండి, ఒకరు తోడు వెళ్లండి. ఆ గ్రుడ్డివాణ్ణి కోనేటికి పంపిన ప్రభువే ఈనాడు మనలను ఆ తల్లి దగ్గరకు పంపుతున్నారు. ఆమెన్.