ఎట్లయినను చచ్చునదే కదా

వానలు వెనుదీసి, మార్గశిర పుష్యముల చలి ముదిరినప్పుడు రాయలసీమ చెరువులలో నీరు నానాటికి కట్టవైపునకు దిగజారును. కడప జిల్లాలో ఏడాదికి పడు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదియును ఏటేట ఒక్క తీరుగ కురియదు. వాన తప్పిన యేట పెద్దచెరువులు సైతము కుంటలగును. చేపలన్నియు ఆ కొద్దినీట గుమిగూడును. వల వేయువానికి ఇంతకంటె సులభమైన కాలము లేదు. పిల్లయనక తల్లియనక అన్నిటిని పట్టుట తగునా యని యడిగినచో నాతడు చెప్పు సమాధాన మొక్కటే: “ఎట్లయినను చచ్చునదే కదా! ఎండకు చచ్చిన కొంగల పాలగును. నేను పట్టిన నా బిడ్డల కడుపు నిండును.”

ఈ మాటను తేలికగ త్రోసివేయరాదు. బొచ్చె, శీలావతి మొదలగు చేపలు నిలువనీట సాధారణముగ గ్రుడ్లు పెట్టవు. వానికి ఏటి ప్రవాహము కావలెను. 1957లో హీరాలాల్ చౌధురిగారు మందు పొడిచి వానిచే గ్రుడ్లు పెట్టించు విధానమును సాధించిరి. నాటినుండి ఆ పద్ధతిని పుట్టించిన పిల్లలను తెచ్చి చెరువులలో విడుచుచున్నారు. ఎండిపోవు చెరువులోని యట్టి చేపల విషయమున జాలరి మాట న్యాయమే. కడుపునిండినవాని జాలి ఆకొన్నవాని కంచమునకు అడ్డు రాగూడదు.

కాని కొఱ్ఱమేను సంగతి వేఱు. అది గాలి పీల్చి, తడిబురదలో దాగి, కొంతకాలము ప్రాణము నిలుపుకొనగలదు. క్రొత్తనీరు రాగానే ఆ చెరువులోనే పిల్లలను చేసి, వానిని కాచుకొని తిరుగును. కడపటి మడుగులో మిగిలిన నాలుగు జంటలే రాబోవు ఏటి చెరువు. దానిని గూర్చి “చచ్చునదే” యనుట అసత్యము.

ఉత్తర పసిఫిక్ తీరమున సామన్ అను చేప గలదు. ఏటిలో పుట్టి, సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై మరల ఏటికే వచ్చును. చలి ముదురుకొలది కడపటి గుంపులు రేవులలో ప్రవేశించును. ఆ జాతులలో పెక్కు గ్రుడ్లు పెట్టినంతనే చచ్చును. అచ్చటి రేవున గాలము వేయువాడును మన జాలరి మాటనే పలుకవచ్చును. చచ్చుట నిజమే, కాని చచ్చుటకు ముందు దాని కొక పని మిగిలియున్నది. ఆ పనియే దాని జాతికి ప్రాణము.

అంతము నిశ్చయమైనంత మాత్రమున పని ముగిసినదని తలచుటయే యిందలి తప్పు. ఒంటిమిట్టలోనే దీనికి నిదర్శన మున్నది. కోదండరామాలయము శిథిలమగుచున్న కాలమున వావిలికొలను సుబ్బారావుగారు (1863–1936) టెంకాయచిప్ప చేతబట్టి యాచించి దాని నుద్ధరించిరి. కూలునదే కదా యని అందఱివలె ఆయనయు ఊరకుండిన, ఆ గుడి గతి యేమగును?

నీరు తగ్గిన చెరువున లోతైన మడుగొకటి వల తగులకుండ విడుచుట ఊరివారందఱు కలిసి చేసికొనదగిన కట్టడి. అయితే ఆ భారము పేదజాలరి యొక్కనిపై మోపరాదు. ఆ నీటితో పైరు పండించుకొన్నవాడును, చెరువును వేలము పాడుకొన్నవాడును దాని నష్టమును పంచుకొనవలెను. ముసలివారిని, తీరని రోగులను, కరవున పడిన పల్లెలను చూచి మనమును లోలోపల “ఎట్లయినను” అనుకొనుచుండుట లేదా? ఆ మాట నోట వచ్చినప్పుడెల్ల, మిగిలియున్న పని యేదియని ముందుగ విచారింపవలెను.