మఱుగుననున్న వైద్యుడు

శిశువులు, పశువులు, సర్పములు సైతము గానమునకు వశమగునని మన పెద్దలు చెప్పిరి. వశమగుట యెల్లప్పుడును మేలేనా యను ప్రశ్నను మాత్రము మనము తఱచుగా వేసికొనము.

కొన్ని జాతుల పుట్టగొడుగులలో నుండు సైలోసైబిన్ అను ద్రవ్యమును నేడు తీవ్రమైన మనోవ్యాకులతకు మందుగా పరీక్షించుచున్నారు. మందు పుచ్చుకొన్న రోగి కన్నులు కప్పుకొని పరుండును. చికిత్సకులు చెంతనుందురు. గంటలకొలది, ముందుగా కూర్చిన సంగీతము వినబడుచుండును. ఇది క్రొత్త పద్ధతి కాదు. ఎల్‌.ఎస్‌.డి. చికిత్సలో సంగీతమును వాడవలసిన తీరును గూర్చి హెలెన్ బానీ, వాల్టర్ పాంకె యనువారి వ్యాసము 1972లోనే అమెరికాలో వెలువడెను. అంతకుముందే మెక్సికోలో మరియా సబీనా యను మాజటెక్ స్త్రీ పుట్టగొడుగులు సేవించి, రాత్రియెల్ల పాడుచు రోగులకు చికిత్స చేసెడిది.

లండను ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు 19 మంది రోగులను పరీక్షించి 2018లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారము దినముల తరువాత కలిగిన ఉపశమనమునకు, మందు తీవ్రతతో గాక, సంగీతము రోగి మనస్సున కెంత యొదిగెనను దానితో సంబంధము కనబడెను. కావుననే వారు సంగీతమును మఱుగుననున్న వైద్యుడనిరి. అయితే, ఆ సంగీతమే కొన్ని వేళల తమకు వలదనిపించెననియు, తమ్ము పెడదారి పట్టించెననియు చెప్పిన రోగులును గలరు.

మాత్రకు తూకము కలదు, రాగమునకు తూకమేది? మాత్రకు రోగి సమ్మతి నడుగుదుము, పాటకు నడుగవలదా? మందుచే మెత్తబడిన మనస్సునకు అన్యమతస్థుల ప్రార్థనాగీతము వినిపించినచో, అది వైద్యమో, బోధనమో యెవరు చెప్పగలరు?

రోగికే విడిచిన యెడల అతడు తీయని పాటలనే కోరి, లోపలి దుఃఖమును తప్పించుకొనునని కొందఱందురు. ఇందు సత్యము లేకపోలేదు. చేదుమందు నిచ్చుట వైద్యుని ధర్మమే. కాని అది చేదని ముందు చెప్పి యిచ్చుటయు ధర్మమే.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమువారు ధూమపానము మానగోరిన 10 మందికి రెండు విధముల సంగీతమును వినిపించి, మూడవ పర్యాయమున నేది కావలెనో వారినే యెన్నుకొననిచ్చిరి. ఆ ఫలితములు 2021లో వెలువడినవి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే కావలెనను నియమమునకు అందు ఆధారము కనబడలేదు. కావున రోగికి ముందుగా వినిపింపుడు. చేయెత్తినంతనే ఆపుడు. నిశ్శబ్దమును కోరు హక్కును సైతము అతని కిండు. సబీనా రోగి యెదుట కూర్చుండి పాడెను. యంత్రమునకు రోగి ముఖము కనబడదు. దానిని చూడవలసినవాడు వైద్యుడే.