కుక్కకు కోటు, గుమ్మం ముందు లాజరు



చలికాలం వచ్చిందంటే ఇప్పుడు మన నగరాల దుకాణాల్లో కుక్కలకు కూడ స్వెట్టర్లు, కోట్లు అమ్ముతున్నారు. చికాగోలోనో టొరంటోలోనో స్థిరపడిన మన పిల్లల ఇళ్లలో ఇవి కొత్తేమీ కావు. వీటిని చూసి కొందరు నవ్వుతారు. కొందరు ధర కూడ అడగకుండా కొంటారు. క్రైస్తవ కుటుంబం ఏం చేయాలి?

నోరులేని జీవి చలిని పట్టించుకోవడం మంచి పనే. తన పశువుల బాగోగులు చూసుకోవడం నీతిమంతుని లక్షణమని సామెతల గ్రంథం 12వ అధ్యాయం బోధిస్తుంది. తోబియా ప్రయాణమై వెళ్లినపుడు దేవదూతతోపాటు అతని కుక్క కూడ వెంట నడిచిందని తోబీతు గ్రంథం మరచిపోకుండా చెబుతుంది.

అయితే అన్ని కుక్కలకూ కోటు అక్కరలేదు. హస్కీ, పొమెరేనియన్ వంటి వాటికి పైవెంట్రుకల కింద మెత్తని బొచ్చు మరొక పొర ఉంటుంది. అది దేవుడు తొడిగిన కోటు. మన చలికి వాటిపై ఇంకొకటి వేస్తే ఉక్కపోతే మిగులుతుంది. పొట్టి వెంట్రుకలవి, బక్కపలచనివి, చిన్న కూనలు, ముసలివి, జబ్బుపడినవి చలికి వణుకుతాయి. వాటికి కొనేముందు మెడ, ఛాతీ చుట్టుకొలత, మెడ మొదలునుంచి తోక మొదలుదాక వీపు పొడవు కొలవండి. తొడిగాక రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. కాళ్ల సందుల్లో ఒరుసుకోకూడదు. తడిస్తే వెంటనే విప్పాలి. పూసలు, గుండీలు ఉంటే కొరికి మింగుతుంది.

గమనించారా? ఈ కొలతల్లో ఎక్కడా మన గొప్పకు చోటులేదు. జరీ అంచులతో కుక్కకు పనిలేదు. దాని అవసరం చూసి కొంటే దయ. పక్కింటివారు చూడాలని కొంటే డాంబికం.

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2418వ పేరాలో ఈ విషయం రెండువైపులా చెప్పింది. జంతువులను అనవసరంగా బాధపెట్టడం మానవ గౌరవానికి తగదు. మనుషుల దుస్థితి తీర్చడానికి ముందుగా చేరవలసిన ధనాన్ని వాటిపై ఖర్చుచేయడమూ తగదు.

లూకా సువార్త 16వ అధ్యాయంలోని ధనవంతుణ్ణి తలచుకోండి. ఖరీదైన వస్త్రాలు ధరించిన ఆయన తన గుమ్మం ముందున్న లాజరును పట్టించుకోలేదు. కుక్కలు మాత్రం దగ్గరకు వచ్చి అతని పుండ్లు నాకాయి. మన కుక్క కోటు తొడుక్కుని గేటు దాటుతుంటే, ఆ గేటు దగ్గర రాత్రంతా కాపలా కాసే పెద్దాయనకు దుప్పటి ఉందా? తెల్లవారుజామున పేపరు వేసే కుర్రవానికి స్వెట్టరు ఉందా? ఇంటిపనికి వచ్చే అమ్మ పిల్లలు రాత్రి ఏం కప్పుకుంటున్నారు?

పునీత మార్టిన్ సైనికుడుగా ఉన్నపుడు, ఆమియెన్ నగర ద్వారం వద్ద చలికి వణుకుతున్న బిచ్చగానికి తన పైవస్త్రాన్ని కత్తితో రెండుగా కోసి సగమిచ్చాడు. ఆ రాత్రి కలలో ఆ సగాన్ని కప్పుకొని కనిపించినవాడు క్రీస్తుప్రభువే. ఆ పునీతుని పండుగ నవంబరు 11న, సరిగ్గా చలి మొదలయ్యే రోజుల్లో వస్తుంది.

కనుక ప్రియులారా, మీ కుక్కకు అవసరమైతే సాదాది, వెచ్చనిది ఒక కోటు కొనండి. అదే రోజు, అదే బజారులో ఒక దుప్పటి కూడ కొనండి. దానిని మీ పిల్లల చేతనే, పేరుపెట్టి పలకరిస్తూ ఇప్పించండి. కుక్కకు కోటు అవసరం లేకపోతే ఆ డబ్బుతో మరొక దుప్పటి వస్తుంది.

మూగజీవిని వెచ్చగా పడుకోబెట్టి, గుమ్మం ముందున్న మనిషిని మరచిపోని ప్రతి ఇంటినీ ప్రభువు దీవించునుగాక. ఆమెన్.