కోపం వచ్చింది సరే, తిట్టింది ఎవరు?



కఠోపనిషత్తులో రథం పోలిక మీరు వినే ఉంటారు. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గాలు, బుద్ధి సారథి. నేనూ చాలాసార్లు విన్నాను. అర్థమైంది మాత్రం మొన్న పంజాగుట్ట సిగ్నల్ దగ్గర.

ఆ సాయంత్రం అమీర్‌పేటలో టీ తాగి బైకు తీస్తుంటే, పక్క బండి సైలెన్సర్ కాలికి తగిలింది. కాలు టక్కున వెనక్కొచ్చింది. "అబ్బా" అన్నది ఆ తర్వాతే.

పది నిమిషాలకి పంజాగుట్టలో రెడ్ సిగ్నల్. వెనక ఆటో ఆపకుండా హారన్ కొడుతోంది. తిరిగి, "బుద్ధుందా నీకు? ఎగిరి పోవాలా?" అని అరిచాను. అతను తిరిగి అరవలేదు. "పేషెంట్ ఉన్నది అన్నా, నిమ్స్‌కి పోవాలె" అన్నాడు. వెనక సీట్లో ఒక పెద్దావిడ, కూతురి భుజం మీద వాలిపోయి ఉంది. బైకు పక్కకి జరిపాను. సారీ చెప్పేలోపు గ్రీన్ పడింది, ఆటో వెళ్లిపోయింది.

ఇంటికెళ్లాక నాకు నేను చెప్పుకున్నాను: "రిఫ్లెక్స్‌లో అనేశాను." నిజమేనా?

కాలు కాలినప్పుడు జరిగింది రిఫ్లెక్సే. చర్మంలోని నరాల కొసలు వేడిని పట్టి వెన్నుపాముకి కబురు పంపుతాయి. అక్కడి నుంచే కండరాలకి ఆర్డర్ వెళ్లిపోతుంది. మెదడు పర్మిషన్ కోసం ఆగదు. నొప్పి మనకి తెలిసేది ఆ తర్వాత. హారన్‌కి ఉలిక్కిపడటం, గుండె దడదడలాడటం కూడా దాదాపు అంతే. అది నా చేతుల్లో లేదు. గుర్రం బెదిరింది, అంతే.

కానీ తిట్టు వెన్నుపాములో తయారవదు. మాటలు ఏరుకోవాలి, వాక్యం కట్టాలి, ఊపిరి కూడగట్టుకోవాలి. ఇంకో సంగతి. నా కాలు ఆ సైలెన్సర్ ఎవరి బండిదో చూసుకోలేదు. ఎవరిదైనా అలాగే వెనక్కొచ్చేది. నా నోరు మాత్రం చూసుకుంది. హారన్ కొట్టింది పోలీసు జీపైతే ఆ మాట వచ్చేది కాదు. ఆటో అని చూసి, "నువ్వు" అని ఎంచుకుని, అప్పుడు అరిచింది. మనిషిని బట్టి మారేది రిఫ్లెక్స్ ఎలా అవుతుంది?

1983లో బెంజమిన్ లిబెట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించారు. మనం చెయ్యి కదపాలనుకున్నట్టు మనకి తెలిసేసరికే, మెదడులో దాని సన్నాహం మొదలైపోతోందని అందులో కనిపించింది. "అయితే మన ఇష్టం ఏమీ లేదన్నమాట" అన్నారు కొందరు. లిబెట్ మాత్రం, తెలిసిన క్షణానికీ కదలికకీ మధ్య ఆపుకునే వీలుందన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నా విషయంలో మాత్రం వాదన అక్కర్లేదు. వెనక్కి తిరిగి చూసేంత టైమ్ నాకు దొరికింది.

మన తెలుగే ఈ తేడా చెబుతుంది. "కాలు కాలింది", "కోపం వచ్చింది" అంటాం. అవి మనకి జరిగినవి. కానీ "తిట్టు వచ్చింది" అనం. "తిట్టాను" అంటాం.

గుర్రాలు బెదరకూడదని ఆ పోలిక చెప్పదు. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ప్రశ్న. ఆ పగ్గాలు పట్టడం కూడా రోజూ చేస్తేనే అలవాటవుతుంది. ఇప్పుడు హారన్ వినిపిస్తే ముందు అద్దంలో చూస్తున్నాను, లోపల ఎవరున్నారో అని. మాట సంగతి తర్వాత.

"బుద్ధుందా?" అన్న ప్రశ్న మంచిదే. అడగాల్సింది ఆ ఆటో అన్నని కాదు.

జై శ్రీకృష్ణ.