కొండ దిగిన తరువాతనే తెలిసేది



"దేవుడు అంతటా ఉన్నాడని ఉపదేశంలో నేర్పించారు గదా! మన విచారణ దేవాలయంలో మందసంలోనే ప్రభువు వేంచేసి ఉన్నాడు గదా! మరి అంత దూరం నడిచి కొండకు పోవడం ఎందుకు?" మన యువతీయువకులు ఈ ప్రశ్న అడుగుతున్నారు. ఇది అవిశ్వాసంతో అడిగే ప్రశ్న కాదు. కసురుకోకుండా సమాధానం చెప్పవలసిన బాధ్యత పెద్దలమైన మనది.

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. దేవునికి కొండతో పనిలేదు. నిజమైన ఆరాధన ఫలానా కొండకో, ఫలానా నగరానికో కట్టుబడి ఉండదని సమరియ స్త్రీకి ప్రభువే బోధించారు. అయినా ఆ ప్రభువే పండుగలకు యెరూషలేముకు నడిచి వెళ్లారు. ఎందుకని? దారి అవసరమైనది దేవునికి కాదు, మనకు. ఇంట్లో కూర్చుని ఎదగని విశ్వాసం కొన్నిసార్లు దారిలో ఎదుగుతుంది.

పునీత లూకాగారి సువార్త రెండవ అధ్యాయం తెరచి చూడండి. నజరేతు నుండి యెరూషలేముకు 100 కిలోమీటర్లకు పైబడిన దారి. కొన్ని రోజుల కాలినడక. పన్నెండేళ్ల యేసుబాలుడు తల్లిదండ్రులతో కలిసి పాస్కా పండుగకు వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ఒక రోజు దూరం వచ్చాకగాని ఆయన తమతో లేడని మరియతల్లికి, జోజప్పగారికి తెలియలేదు. మూడవ రోజున దేవాలయంలో కనిపించాడు. తాను తన తండ్రికి చెందినవాడనన్న భావం ఆయన జవాబులో వినిపించింది. లూకా సువార్తలో యేసు పలికిన మొదటి మాటలు అవే. అంటే ఒక యాత్రలోనే ఆ బాలుని నోట పరలోక తండ్రిని గూర్చిన మాట మనం మొదటిసారి వింటున్నాం.

తల్లిదండ్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మనం బిడ్డలను పుణ్యక్షేత్రాలకు తీసుకుపోతున్నది ఎందుకు? పదవ తరగతి మార్కుల కోసం, ప్రవేశ పరీక్షలో ర్యాంకు కోసం, ఉద్యోగం కోసం, పై దేశం వీసా కోసం మనం మొక్కుకుంటాం. బిడ్డ వచ్చి తలనీలాలు ఇస్తాడు. మొక్కుకోవడం తప్పని నేను అనడంలేదు. తల్లి కన్నీటిని మరియతల్లి ఎన్నడూ చిన్నచూపు చూడదు. కాని ఆ మొక్కు మనది, బిడ్డది కాదు. "నీకు దేవునితో చెప్పుకోవలసినది ఏమైనా ఉన్నదా?" అని వాడిని అడిగామా?

అడగకపోతే ఏమవుతుందో ఏ విచారణలోనైనా చూడవచ్చు. మొక్కుకున్న ర్యాంకు రాలేదు. "అమ్మ నా మాట వినలేదు" అనుకున్నాడు కుర్రవాడు. అప్పటినుండి ఆదివారం పూజకు రావడం మానుకున్నాడు. మనం అతనికి నేర్పింది యాత్ర కాదు, బేరం. బేరం కుదరకపోతే కొట్టు మారుస్తారు. అందులో వింతేమున్నది?

అటువంటి బిడ్డకు బెర్నదెత్తమ్మ కథ పూర్తిగా చెప్పండి. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సు దేశంలోని లూర్దులో, కట్టెపుల్లలు ఏరుకోవడానికి పోయిన ఆ పిల్లకు మరియతల్లి దర్శనమిచ్చింది. అప్పటికి ఆమె వయసు 14 ఏళ్లు. తండ్రి మిల్లు పోగొట్టుకున్న పేదవాడు. ఇంటిల్లిపాదీ ఒకప్పుడు జైలుగా వాడిన గదిలో తలదాచుకున్నారు. పిల్లకు ఉబ్బసం. ఆమె చేతులతో గీకిన చోట ఊట పుట్టింది. ఆ నీటివల్ల స్వస్థత పొందామని ఎందరో సాక్ష్యమిచ్చారు. కాని బెర్నదెత్తమ్మ ఉబ్బసం పోలేదు. 1866లో ఆమె నెవేర్ పట్టణంలోని మఠంలో చేరింది, మరి లూర్దుకు తిరిగి రాలేదు. రోగులకు సేవచేస్తూ, తానూ రోగంతో బాధపడుతూ 1879లో, 35 ఏళ్ల వయసులో ప్రభునిలో నిద్రించింది. మరియతల్లి ఆమె మాట వినలేదని మనం అనగలమా? ఆమె అడిగి పుచ్చుకున్నది వరం కాదు, దారి. ఆ దారినే నడిచి పునీతురాలయింది.

ఆ లూర్దుమాత పేరనే 1924లో ఫాదర్ ఆర్లాటిగారు గుణదల కొండపైన మరియతల్లి స్వరూపాన్ని నెలకొల్పారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే తిరునాళ్లకు లక్షలాదిగా జనం వస్తారు. ఆ జనంలో మీ అబ్బాయిని, అమ్మాయిని ఒకసారి నడవనివ్వండి. ఎండకు నాలుక పిడచకట్టినప్పుడు ముక్కూ మొగమూ తెలియని అమ్మ నీళ్లచెంబు అందిస్తుంది. మీదే పేట, మీదే కులమని అడగదు. కుంటివాడిని మోసుకొచ్చిన తమ్ముడు, చంటిబిడ్డను భుజాన వేసుకున్న తండ్రి, అందరూ ఒకే మెట్లు ఎక్కుతారు. శ్రీసభ అంటే యాత్ర చేస్తున్న దైవప్రజ అని రెండవ వాటికన్ మహాసభ 1964లో బోధించింది. ఆ మాటకు అర్థం కొండ మెట్లమీద కాళ్లకు తెలుస్తుంది.

అయితే కొండమీద అడగని కులం ఊరికి తిరిగి రాగానే మళ్లీ గుర్తుకొస్తే, ఆ యాత్ర వల్ల ప్రయోజనమేమిటి? అందుకే సువార్తలోని ఆ కథ దేవాలయంతో ముగియలేదు. యేసుబాలుడు తల్లిదండ్రులతో నజరేతుకు దిగివచ్చి, వారికి విధేయుడై జీవించాడని పునీత లూకాగారు రాశారు. తండ్రి ఇంటిని కనుగొన్నవాడు వడ్రంగి ఇంటికి తిరిగి వచ్చాడు. యాత్రకు అసలు పరీక్ష అక్కడే ఉన్నది. కొండ ఎక్కడం ఒక పూట పని. దిగివచ్చి బ్రతకడం ఏడాది పొడుగునా ఉండే పని.

కనుక యువతీయువకులారా, ఈసారి యాత్రకు బయలుదేరేటప్పుడు మూడు పనులు చేయండి. కొంత దూరమైనా సెల్‌ఫోను సంచిలో పెట్టి, జపమాల చేతపట్టి నడవండి. అక్కడ మంచి పాపసంకీర్తనం చేసుకుని దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించండి. అమ్మానాన్నల మొక్కుతో పాటు మీ సొంత ప్రశ్న ఒకటి మరియతల్లి పాదాలచెంత పెట్టండి. అది కోపంతో నిండిన ప్రశ్న అయినా సరే. వెదకి వెదకి అలసిన మరియతల్లి కూడా దేవాలయంలో తన కుమారుణ్ణి ప్రశ్నించింది. ఆయన జవాబు ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. అయినా దానిని తన హృదయంలో భద్రపరచుకున్నది.

తల్లిదండ్రులారా, బిడ్డ తిరిగి వచ్చాక "ఏం మొక్కుకున్నావు?" అని గుచ్చి గుచ్చి అడగకండి. ఆ రహస్యం వాడికీ దేవునికీ మధ్య ఉండనివ్వండి. మీరు చూడవలసింది ఒక్కటే. ముసలి నాయనమ్మకు మంచినీళ్లు తానే లేచి ఇస్తున్నాడా? అలిగి మాటలు మానేసిన స్నేహితుని ఇంటికి వెళ్లాడా? వచ్చే ఆదివారం మీరు లేపకుండానే పూజకు లేచాడా? ఒక్కటి కనిపించినా సంతోషించండి. మీ బిడ్డ కొండకు వెళ్లివచ్చిన మాట నిజమే. ఏదీ కనిపించకపోతే నిరాశపడకండి. బిడ్డను మూడు రోజులు వెదకిన ఆ తల్లినే తోడు అడగండి.