ఎదురెక్కే చేపలు

గడ్డిఅన్నారం నుంచి సరూర్‌నగర్ చెరువు కట్ట ఎంతో దూరం కాదు. నల్లగొండ దిక్కు చెరువుల్లో వలేసి బతికి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్న తాతకూ, జన్యుశాస్త్రం చదివే మనవరాలికీ ఆ కట్ట మీద నడిచిన వాదం ఇది. ఇద్దరూ కల్పితులే. ప్రశ్నలు మాత్రం చాన్నాళ్లుగా నన్ను పట్టుకున్నవి.

తాత: మా దిక్కు చెర్వుల నిండ చేపలున్నయ్. 2016 కాంచి సర్కారు ఉత్తగనే పిల్లల పోస్తున్నది. మరేం పోయిందని నీ రంది, బిడ్డా?

మనవరాలు: పోసేవాటిలో బొచ్చె, రోహు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు కదా తాతా. అందుకే మళ్లీ మళ్లీ పోయాల్సి వస్తుంది. చెరువులోనే పుట్టి, చెరువులోనే పిల్లల్ని పెట్టేవి కొర్రమీను, మట్టగిడస, పరకలు, జెల్లలు. చెరువు వారసత్వం వీటి ఒంట్లో ఉంది.

తాత: కొర్రమీను యాడైనా కొర్రమీనే. నల్లగొండల పట్టినా గంతే, వరంగల్ల పట్టినా గంతే.

మనవరాలు: ఇక్కడి పండ్ల మార్కెట్ బాటసింగారం పోకముందు ఎన్ని బంగినపల్లి కాయలు చూసి ఉంటావు! అంటు కట్టిన ఆ చెట్లన్నీ ఒక్క తల్లి చెట్టు కొమ్మలే. దాన్ని కూల్చే తెగులు వస్తే అన్నింటినీ కూలుస్తుంది. చెరువు చేపలు అట్లా కాదు. చూపుకు ఒక్కటే అయినా ఒకటి ఎండకు ఓర్చుకుంటుంది, ఇంకోటి జబ్బుకు తట్టుకుంటుంది.

తాత: మరి హేచరీ పిల్లలో?

మనవరాలు: 1957 జులై 10న హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి చేపతో గుడ్లు పెట్టించారు. మన చేపల సాగంతా ఆ పద్ధతి మీదే నిలబడింది. అయితే ఒక్క తల్లికే లక్షల గుడ్లు కాబట్టి కొద్ది జతలతో పనైపోతుంది. ఆ పిల్లల్లోంచే మళ్లీ తల్లుల్ని ఏరితే తేడాలు తరతరానికీ తగ్గిపోతాయి. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో 1990లలో జయంతి రోహును తీసినవాళ్లు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్రల నుంచి చేపలు తెచ్చుకున్నది అందుకే. మంచిదాన్ని ఏరాలంటే ముందు తేడాలుండాలి.

తాత: గట్లయితే మనం గూడ అన్ని ఊర్ల కొర్రమీన్లు తెచ్చి అన్ని చెర్వులల్ల కలుపుదం. తప్పేంది?

వాదం మొత్తంలో నాకు బలమైనదిగా తోచిన ప్రశ్న ఇదే.

మనవరాలు: పెంపకపు గుంటలో కలపొచ్చు. ప్రతి చెరువులోనూ అదే కలగలుపు పోస్తే ఒక్కో చెరువులో రకాలు పెరుగుతాయి గానీ, చెరువుకూ చెరువుకూ ఉన్న తేడా చెరిగిపోతుంది. ఏటా ఎండే రాతినేల కుంటలో తరాలుగా నెగ్గుకొచ్చిన చేపా, కొల్లేటి చేపా ఒకటే అనుకోలేం.

తాత: మునుపు ఎవ్వలు కలపకుంటనే కలుస్తుండె. వానకు మీది చెర్వు మత్తడి దుంకితే కింది చెర్వుల పరకలు, జెల్లలు ఎదురెక్కుతుండె.

మనవరాలు: కొంచెం కొంచెంగా, పక్కపక్క చెరువుల మధ్య జరిగే ఆ కలయికే కావాలి. మీర్‌పేట చెరువుల నీళ్లు సరూర్‌నగర్‌కూ, ఇక్కడి నుంచి మూసీకీ పోయేవి. ఇప్పుడా దారిలో పారేది మురుగే.

తాత: లక్నోల చేపల బ్యాంకు ఉన్నదంటివి గద?

మనవరాలు: జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరో, 1983 నాటిది. మగచేప బీజాన్ని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాస్తారు. గుడ్డును అట్లా దాచడం ఇంకా సాధ్యపడలేదు.

తాత: అంటే తల్లిని నీళ్లల్లనే దాయాలె. వానకాలం పిల్లల మీదున్న కొర్రమీనును పట్టుడు బంద్ జేయాలె. పిల్లల గుంపు కాడ పెద్దయి కావలుంటయ్, వాటిని కొడితే గుంపంత ఖతం. గది మా సంఘాలతోని అయితది. మరి చెర్వుల నడిమి కాలువ మీద ఇండ్లు గట్టుకున్నోళ్లను ఏం జేద్దమంటవ్?

మనవరాలు: ఇండ్లు కూల్చమని నేననను. ముందు మురుగును వేరే గొట్టాల్లో మళ్లించాలి, మిగిలిన కాలువ మీద ఇంకో కాంక్రీటు మూత పడకుండా చూడాలి. 2020 అక్టోబరులో నీళ్లు కాలనీల్లోకొచ్చాయి కదా, దారి ఇరుకైనందుకు చేపలతో పాటు మనుషులూ నష్టపోయారు. కార్పొరేషన్‌కు ఇచ్చే అర్జీలో ఈ రెండు నష్టాలూ రాద్దాం తాతా.