మెరుపుకి లేని అంటు

మోటారు సైకిలు పెయింటు కాపాడుకోవడం గురించి రాస్తానంటే ఒక మిత్రుడు "దళిత సాహిత్యంలోకి పాలిష్ డబ్బా ఎందుకబ్బా?" అన్నాడు. ఆయన ఉద్యమంలో పాతకాపు. సరుకుల మోజు మన పిల్లల్ని మింగేస్తున్నదని ఆయన భయం. భయం ఉత్తదేం కాదు, కంతుల మీద బండి కొని కూలి డబ్బులన్నీ వాటికే కట్టే పిల్లల్ని నేనూ చూస్తున్నా. కానీ తుడవడం, కడగడం, మెరుగు పెట్టడం తరతరాలుగా మన చేతుల్లో పెట్టిందెవరు? వాళ్ల వస్తువు మీద చేసినన్నాళ్లూ అది పని అయింది. మన వస్తువు మీద చేసుకునేసరికి మోజు ఎట్టయింది?

మాది నెల్లూరు సముద్రం అంచు, మైపాడు వైపు ఒక అరుంధతీయవాడ. ఇక్కడ బండి కొనడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. సముద్రం గాలి తిరిగిందంటే దాంతోపాటు కంటికి కనపడని ఉప్పు తుంపర వస్తది. ఉప్పు ఊరికే కూచోదు. గాల్లో తేమని లాక్కుని బండిని తడిగానే ఉంచుతది. పెయింటు మీద గీత పడ్డ చోట, రాయి తగిలి పెచ్చు లేచిన చోట ఇనుముని పట్టుకుంటది. పైకి బియ్యపు గింజంత పొక్కే, లోపల తుప్పు పాకతా పోతది. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండ్ల సంగతి చెప్పబళ్లేదు, మడ్‌గార్డు లోపలి వైపు చెయ్యి పెడితే పెచ్చులు రాలతాయి.

అందుకే నేను సీలెంటు వేస్తాను. ముందు ఉప్పు పోవాల. మా బోరు నీళ్లు ఉప్పన, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు పూసినట్టే. రెండు బకెట్లు మంచినీళ్లు చాలు, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో గుడ్డ జాడించుకోడానికి. ఆ మంచినీళ్లు ఊరి వైపునించి మోసుకురావాల, అదో కథ. బట్టల సబ్బుపొడి వాడితే పాత పూత కూడా కడుక్కుపోతది. నీడన పెట్టి, ఆరనిచ్చి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి ట్యాంకు మీద మెల్లిగా రాస్తే కంటికి దొరకని గరుకు వేళ్లకు తెలుస్తది. తారు చుక్కలు, ఇనుప రజను. బంకమట్టి లాంటి క్లే ముద్దతో వాటిని లేపెయ్యాల. అప్పుడు సీలెంటు. చాలా పల్చగా పుయ్యాల, మందంగా పూస్తే లాభం లేదు. పొగచూరినట్టు మసకబారగానే మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ రాత్రి నీళ్లు తగలకుండా పెట్టాల. ఇది ప్లాస్టిక్ జాతి పూత, కాబట్టి మైనం కంటే ఎండకు ఎక్కువ ఓరుస్తది, కొన్ని నెలలుంటది. బ్రేకు డిస్కుకీ, టైరుకీ మాత్రం అంటకూడదు, జారి చస్తాం. అప్పటికే పట్టిన తుప్పుని ఏ సీలెంటూ ఆపదు. గీకి, ప్రైమరు కొట్టి, రంగేసి అప్పుడు పుయ్యాల.

నాకీ పని కొత్తగా అనిపించలేదు. మా తాత లందలో తోళ్లు నానేసేవాడు. సున్నంతో వెంట్రుక రాల్చి, తంగేడు చెక్క నీళ్లలో మగ్గబెట్టి, చివర నూనె పట్టించేవాడు. లోపల ఉన్నదాన్ని బయటి తడినించి కాపాడే విద్య ఆయనకు తెలుసు. ఆయన కుట్టిన కపిల తోలుతో రెడ్ల బావిలోంచి నీళ్లు తోడారు. ఆ నీళ్లు చేలకి పారాయి, పంట ఇళ్లకు చేరింది. ఎవరికీ అంటు కాలేదు. అదే బావిలో ఆయన ముంత ముంచితే మాత్రం అంటు.

అంటరానితనం అంటే తాకకూడదనే మాట అని పుస్తకాల్లో చదువుకున్నాం. తాత బతుకు చూస్తే నాకు వేరే అనిపిస్తది. చెయ్యి తాకడానికి కులానికి అభ్యంతరం లేదు, తాకిన వస్తువు ఆ చేతిది కావడానికే అభ్యంతరం. అంబేద్కర్ చిన్నప్పుడు, 1901లో, మసూర్ స్టేషన్లో దిగితే బండివాడు రెట్టింపు బాడుగ తీసుకుని, బండి మాత్రం ఆ పిల్లల చేతనే తోలించి, తాను పక్కన నడిచాడు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకుని తోలమన్నారు, టాంగా అద్దెకివ్వడానికి మాత్రం ఒప్పుకున్నారు. తోలడం రాని మనిషి తోలితే టాంగా పడి ఆయన కాలు విరిగింది. ఆయన కూచున్న చెక్కకి అంటు లేదు, ఇచ్చిన రూపాయికీ లేదు. ఆయన్ని కూచోబెట్టి తోలితే తమ పరువు పోతదని వాళ్ల బాధ. ఇదంతా పాత సంగతి అనేవాళ్లుంటారు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ నడుపుతున్నాడన్న కోపంతో ఒక దళిత విద్యార్థి చేతుల మీద నరికారని కేసు అయింది, అరెస్టులయ్యాయి. అదే బుల్లెట్ని ఆ చేతులే ఎవరి వాకిట్లోనో కడుగుతుంటే ఎవరూ కత్తి తీసి ఉండరు.

కాబట్టి మిత్రుడి మాటకు నా జవాబు ఇది. నా బండి మెరవడం వల్ల కులం పోదు, నాకా భ్రమ లేదు. కానీ నా కష్టంతో కొన్న ఇనుముని ఉప్పు తినకుండా చూసుకోవడానికి నేను ఎవరి అనుమతీ అడగను.

ఆయన అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. నెల్లూరు టౌన్లో డీటెయిలింగ్ షాపులు చాలా వచ్చాయి. నేను చూసిన వాటిల్లో పనిచేసే పిల్లల్లో మనవాడలవాళ్లే ఎక్కువ. తారు పోగొట్టే మందు ఒట్టిచేతులతో వాడి వేళ్ల తోలు పగిలి ఉంటది. తుడిచిన ట్యాంకు మీద ఓనరు తన మొహం చూసుకుంటాడు. టీ కాగితం కప్పుల్లో వస్తది గనక ఎవరి గ్లాసు ఏదన్న మాట అక్కడ లేవదు. గ్లౌజులు అడగొచ్చు కదరా అంటే ఒకడు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "అడిగినోడు పోయినెల మానేశాడు అన్నా" అన్నాడు. మరి నీకు బండుందా అన్నాను. ఉందంట. కడిగి నాలుగు నెలలయిందంట.